గాలికి నాలుగు రెక్కలు

గవర్నర్‌పేటలో ఒక టోకు మందుల కొట్టు పైన, మూడో అంతస్తు ఇంట్లో, ఆదివారం సాయంత్రాలు కొందరు పెద్దవాళ్ళం బల్ల చుట్టూ చేరి భూతాలతో యుద్ధం చేసేవాళ్ళం. ఒకడు వీరుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. ఎవరి దెబ్బ తగిలిందో ఎవరిది తప్పిందో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. కథ చెబుతూ ఆట నడిపించేది ఆ ఇంటాయన. ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే మనిషి. మొదటి రోజు నా వీరుడికని ఆయన ఇచ్చిన ప్లాస్టిక్ బొమ్మకు కత్తి సగానికి విరిగి ఉంది. వచ్చే వారం మార్చేస్తానండీ అన్నాడు. నేను అక్కడికి వెళ్ళడం మానేసేదాకా అదే బొమ్మ.

ఆయన దగ్గర విదేశీ భూతాల పుస్తకాలు అర నిండా ఉండేవి. వాటిని ఓపిగ్గా చదివాను కాబట్టి తిట్టే హక్కు నాకుంది. పేజీకో భూతం. దాని ఎత్తు, బరువు, చర్మం మందం, ఎన్ని దెబ్బలకు చస్తుంది, చచ్చాక దాని గుహలో ఎంత బంగారం దొరుకుతుంది. పశువుల సంతలో కూడా ఇంత మొహమాటం లేకుండా మాట్లాడరు. అన్నీ ఉన్నాయి వాటిలో, భయం తప్ప.

అలాంటిదే తెలుగులో ఒకటి వేద్దామని మావాళ్ళకు బుద్ధి పుట్టింది. "మనకి దెయ్యాలు లేవా సార్? తలా ఒకటి చెప్పండి" అన్నాడు ఇంటాయన. నేను గాలి గురించి చెప్పాను.

మాది పామర్రు దగ్గర పల్లె. చిన్నప్పుడు ఒకసారి మిట్టమధ్యాహ్నం ఒంటరిగా చేలగట్ల మీదుగా కాలవ దాకా వెళ్ళొచ్చి, అన్నం ముట్టకుండా, పిలిస్తే పలక్కుండా, గోడవైపు తిరిగి పడుకున్నాను. మా అమ్మమ్మ నా మొహం చూసి "వీడికి గాలి సోకిందే" అంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, నా చుట్టూ దిగదుడిచి, పొయ్యిలో వేసింది. ఆ గట్టు మీద నాకేమీ కనబడలేదు, వినబడలేదు. గాలి గొప్పంతా అదే. ఇదంతా వివరంగా చెప్పాను. ఆయన ఫోన్లో రాసుకుంటూ తల ఊపాడు.

అచ్చుకు ముందు చూడమని ఫైలు పంపాడు. "గాలి. వాయు జాతి. ఎత్తు పన్నెండడుగులు. నాలుగు రెక్కలు. సుడిగాలితో దాడి చేస్తుంది." ఎనభై దెబ్బలకు చస్తుందట. పక్కన బొమ్మ, జిమ్ముకెళ్ళొచ్చిన గబ్బిలంలా ఉంది.

ఆ ఆదివారం అందరి ముందే అడిగాను.

"గాలంటే ఫ్యాను గాలి కాదండీ. సోకే గాలి."

"తెలుసు సార్. రెక్కలు లేకపోతే ఆర్టిస్టు ఏం గీస్తాడు?"

"గీయొద్దు. ఖాళీ పేజీ వదిలేయండి."

దొంగ పాత్ర ఆడేవాడికి కంకిపాడులో ఎరువుల కొట్టుంది. పకపకా నవ్వాడు. "ఖాళీ పేజీ ఎవరు కొంటారు గురువుగారూ, మీరా?"

"నేను కొంటాను."

"మరి దాన్ని కొట్టేదెలా?"

"కొట్టరు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తారు."

"అంటే వీరుడు ఉప్పు డబ్బా పట్టుకెళ్ళాలా? పోన్లెండి, మీ కత్తి ఎలాగూ సగమేగా!"

అందరూ నవ్వారు. ఆ సగం కత్తి ఎవరి చలవో ఒక్కడికీ గుర్తు రాలేదు.

ఇంతలో లోపల ఇంటాయన చంటిపాప ఏడుపు అందుకుంది. వాళ్ళావిడ భుజాన వేసుకుని తిప్పింది, పాలు పట్టబోయింది. ఆగలేదు. "ఏమండీ, ఒకసారి ఇటు రండి" అని పిలిచింది. ఆయన వెళ్ళాడు. గుమ్మంలోంచి మాకు అంతా కనబడుతూనే ఉంది. వంటింట్లోంచి గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ తెచ్చి, పాప చుట్టూ తిప్పి, వేడి పెనం మీద వేశాడు.

"ఘాటే రాలేదు చూశారా. బాగా సోకింది" అంది ఆవిడ.

ఆయన చేతులు కడుక్కుని వచ్చి, పాచిక అందుకున్నాడు.

"పాపకేమైందండీ?" అన్నాను.

"మధ్యాహ్నం కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్ళాం సార్. గాలి సోకినట్టుంది."

"రెక్కలు కనబడ్డాయా?"

ఆయన పాచికను బల్ల మీద దొర్లించాడు.

"అది వేరు సార్. ఇది గేమ్" అన్నాడు. తరవాత, "సరే, మార్చేస్తానండీ" అన్నాడు, కత్తి గురించి అన్నట్టే.

పుస్తకం వచ్చింది. నాలుగు రెక్కలూ ఉన్నాయి, పైగా రంగులు వేశారు. అట్ట వెనక "మన నేల మీది అసలు సిసలు భూతాలు" అని గొప్ప కూడా చెప్పుకున్నారు. ఆ తరవాత నేను వెళ్ళలేదు. కాని అన్న మాట ప్రకారం ఒక ప్రతి కొన్నాను. గాలి ఉన్న పేజీలో బొమ్మనీ కొలతల్నీ కప్పేస్తూ తెల్ల కాగితం అంటించాను. ఆ పుస్తకం మొత్తంలో తప్పుల్లేని పేజీ అదొక్కటే.