తెల్లసొనతో పెట్టిన గంజి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఒక్కటైనా ఉంటుందన్న సంగతి నాకు తెలియదు. ఇరవై నాలుగేళ్ల వయసు, ఆక్లండ్‌లో దిగి ఆరు నెలలు, నోటి నిండా ధైర్యం. ఇప్పుడు టకానిని స్టేషన్లో మోకాళ్లు రుద్దుకుంటూ రైలు కోసం నిలబడ్డప్పుడు ఆ కుర్రాడు గుర్తొస్తే, వాణ్ణి పిలిచి రెండు తగిలించాలనిపిస్తుంది. కానీ వాడు ఆగడు, తనకి పనుందంటాడు.

అప్పట్లో శాండ్రింగ్‌హామ్‌లో నర్సు ఆంటీ ఇంట్లో ఒక గదిలో ఉండేవాణ్ణి. ఆవిడది గుంటూరు. రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్లని చూసుకునేది, ఇంటికొచ్చాక నన్ను చూసుకునేది (ఇద్దరిలో ఎవరితో ఎక్కువ కష్టమో ఎప్పుడూ చెప్పలేదు). నా ఉద్యోగం వీధి చివర ఒక పోర్చుగీసు ముసలావిడ నడిపే మిఠాయి దుకాణంలో. ఆవిడకి నేను పెట్టుకున్న పేరు పచ్చసొన మామ్మ. పనికి అడగడానికి వెళ్లినప్పుడు, మా వంశం ఏడు తరాలుగా రాజులకి మిఠాయిలు చేసిందని చెప్పాను. మా నాన్న కరెంటాఫీసులో గుమాస్తా. అయితే మామ్మ చక్కెర పాకం చుక్క ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి సాగదీసి "ఇదేమిటో చెప్పు" అనగానే, అమ్మ లడ్డూలు కట్టే రోజు కళ్లముందు కనిపించి "తీగ!" అని అరిచాను. వాళ్ల భాషలోనూ దాన్ని తీగ అనే అంటారట. ఉద్యోగం వచ్చేసింది.

మామ్మ చేసే మిఠాయిలన్నీ ఒకప్పుడు వాళ్ల దేశపు మఠాల్లో సన్యాసినులు కనిపెట్టినవే. పేర్లు వింటే మతిపోతుంది. ఒకదాని పేరు సన్యాసిని బొజ్జ. ఇంకొకటి దేవదూత గవద. చిల్లుల గరిటెలోంచి మరిగే పాకంలోకి పచ్చసొనని దారాలుగా జార్చి, బంగారు జుట్టులాగా పైకి తీసేది మరొకటి. దేంట్లో చూసినా పచ్చసొన, పాకం, అంతే. "ఇంత పచ్చసొన ఎందుకు మామ్మా?" అని అడిగితే, గరిటె ఆపకుండానే చెప్పింది. "మఠాల్లో తెల్లసొనతో తలగుడ్డలకి గంజి పెట్టేవాళ్లు అబ్బాయీ. అట్టముక్కల్లా నిలబడేవి. మిగిలిన పచ్చసొన పారేస్తే పాపం కదా? అందుకని మిఠాయిలు చేశారు. మా అమ్మమ్మ చెప్పింది."

నేను ఆ మాట మరిచిపోయి ఉంటే ఈ కథ లేదు. కానీ రోజూ సాయంత్రం మా దుకాణంలో ఒక బకెట్టు తెల్లసొన మిగిలేది, నా బుర్రలో బోలెడు ఖాళీ ఉండేది.

ఆంటీకి ఒక తెల్ల నూలు చీర ఉండేది. గుంటూరులో నర్సింగ్ ట్రైనింగ్ అయిపోయిన రోజున తోటి నర్సులంతా కలిసి కొనిచ్చినది. ఏడాదికోసారి, ఈస్టర్ పొద్దున ఆరాధనకి కట్టి, ముందు నిలబడి పాట ఎత్తుకునేది. ఆ ఏడు ఈస్టర్ ముందురోజు శనివారం ఆవిడకి డ్యూటీ పడింది. బయట వాన. అన్నం వార్చి గంజి పెట్టినా చీర ఆరే దారి లేదు. ఆంటీ గడప దగ్గర బూట్లు వేసుకుంటూ, "ఈ ఒక్కసారికీ ముడతల చీరే కట్టుకుంటాలే" అంది. ఆ గొంతులో దిగులు విని నాలోని ఏడు తరాలూ ఒక్కసారి లేచాయి.

"ఆంటీ, పోర్చుగల్ పద్ధతి గంజి ఒకటుంది. హీటర్ ముందు గంటలో ఆరిపోద్ది. నాకొదిలెయ్యండి."

"నీకు గంజి పెట్టటం వచ్చా?"

"మా ఇంట్లో అందరి పంచెలకీ నేనే పెట్టేవాణ్ణి" అన్నాను. (మా ఇంట్లో పంచె కట్టేది పంతులుగారు వచ్చినప్పుడు, అదీ పంతులుగారే.)

"చీరకేమన్నా అయిందంటే ఆ గది ఖాళీ చేసి పోవాల, చెప్తన్నా" అని తాళాలు తీసుకుని వెళ్లింది.

బకెట్టు తెచ్చాను. చీర ముంచాను. హీటర్ ముందు నిజంగానే గంటలో ఆరింది, మెరిసింది కూడా. ఇస్త్రీ పెట్టె బాగా వేడి చేసి కొంగు మీద పెట్టాను. సర్రుమంది. ఆ తరవాత వచ్చిన వాసన చెప్పనక్కర్లేదు, ఉల్లిపాయ ముక్కలొక్కటే తక్కువ. నేనేమో కంగారులో, ఇంకాస్త వేడి చేస్తే వాసన పోతుందనుకుని చీర మొత్తం ఇస్త్రీ చేసేశాను.

చీరని తలుపురెక్కలా చంకలో పెట్టుకుని వానలో దుకాణానికి పరిగెత్తాను. మామ్మ చీర చూసింది, వాసన చూసింది, నా మొహం చూసింది. స్టూల్ మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"నువ్వే కదా చెప్పావు మామ్మా!"

"నేను చెప్పాను. మా అమ్మమ్మ చెప్పింది. మాలో ఎవరైనా చేసి చూశామా? ఏడు తరాల వంశమన్నావే, వేడి తగిలితే గుడ్డు ఉడుకుతుందని ఒక్క తరానికీ తెలియదా?"

"ఏడు తరాలు లేవు మామ్మా, మా నాన్న గుమాస్తా" అన్నాను. "ఆ మొదటి రోజే తెలుసు. వేళ్లకి తీగ తెలుసు, అది చాలు. పోయి ఆవిడతో కూడా నిజం చెప్పు" అని ఆ బంగారు జుట్టు మిఠాయి పొట్లం ఒకటి చేతిలో పెట్టింది.

సాయంత్రం ఆంటీ వచ్చేసరికి చీర గోడకి ఆనుకుని దానంతటదే నిలబడి ఉంది. "ఏందిరా ఇది?" అంది. మామ్మ ఇచ్చిన పొట్లం ముందు పెట్టి, పంచెల దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పాను. అరుస్తుందనుకున్నాను. ఆవిడ చీర అంచు పట్టుకుని వేలితో ఒకసారి కొట్టి చూసింది. అరిచి ఉంటే బాగుండేది. ఆఖరికి, "రేపు ఇదే కట్టుకుంటా. నువ్వూ వచ్చి ముందు వరసలో కూర్చో" అంది.

ఆరాధన జరిగే హాలు రెండు వీధుల అవతలే. కుచ్చిళ్లు టపటపలాడుతుంటే ఆంటీ నడిచింది. అక్కడ పాట అయ్యాక అందరూ కూర్చున్నారు. ఆంటీ కూర్చోలేదు. చీర వంగితేగా! ప్రార్థనకి నిలబడింది, వాక్యానికి నిలబడింది, గంటన్నర నిలబడింది. పాస్టరుగారు చెమ్మగిల్లిన కళ్లతో "మన సిస్టరుగారి భక్తి చూడండి" అన్నారు. దాంతో ఒక్కొక్కరే లేచి సంఘమంతా నిలబడింది. నా వెనకాల ఒక అంకుల్ మాత్రం భార్య చెవిలో గట్టిగానే, "పొద్దున్నే ఆమ్లెట్లు ఎవరేస్తన్నారే, ఆకలి దంచేస్తంది" అన్నాడు. ఆంటీ విన్నది. పెదవులు బిగించింది, నవ్వుకి ఊగే భుజాలు మాత్రం ఆగలేదు. అప్పుడు తెలిసింది, నా గది నాకు ఉందని.

తరవాత నెలరోజులు ఆ చీరని చన్నీళ్లలో నానబెట్టి, వేలిగోరుతో గీకి, మళ్లీ మెత్తన చేశాను. కొంగు దగ్గర లేత పసుపు ఛాయ మాత్రం వదల్లేదు.

ఆంటీ ఇప్పుడు రిటైరై హాబ్సన్‌విల్‌లో కూతురి దగ్గర ఉంటోంది. మామ్మ లేదు, దుకాణమూ లేదు. కానీ ప్రతి ఈస్టర్‌కీ నా వంటింట్లో తీగపాకం పట్టి, ఆ బంగారు జుట్టు చేసి తీసుకెళ్తాను. ఆంటీ ఆ పసుపు కొంగు చీరలోనే తలుపు తీసి, పెట్టె అందుకునే ముందు ఒకటే అడుగుతుంది.

"తెల్లసొన ఏం చేశావురా?"

"పారబోశాను ఆంటీ."

"అబద్ధాలాడకు" అని ఇస్త్రీ పెట్టె ఉన్న గది వైపు ఒకసారి చూసుకుంటుంది. ఇన్నేళ్లలో ఆవిడకి నేను చెప్పిన కథలన్నీ నమ్మింది. నమ్మనిది ఈ ఒక్క నిజాన్నే. నేనూ గట్టిగా వాదించను. వాదించి నమ్మిస్తే, ఆ ఇరవై నాలుగేళ్లవాణ్ణి గుర్తుపెట్టుకున్న మనిషి ఒక్కరు తగ్గిపోతారు కదా!