పూజలో ఉన్న పెన్‌డ్రైవ్

నాకు అక్షరాలు వచ్చేసరికి నా ఈడువాళ్ళకు కళ్ళజోళ్ళు వచ్చేశాయి. ఆ రోజుల్లో చదువు రానివాళ్ళకు సిగ్గెక్కువ, కొత్తగా వచ్చినవాళ్ళకు పొగరెక్కువ. నాకు రెండూ ఉండేవి. రాయపూర్‌లో మోవా దాటాక ఒక బియ్యం మిల్లు ఆఫీసు ఊడ్చేదాన్ని. సాయంత్రం బడిలో నలభయ్యో ఏట నాలుగు ముక్కలు నేర్చానని తెలిసి మిల్లు యజమాని సేఠ్, "కంప్యూటర్ బాగుపడనీ, లారీల గేటు చీటీలు నువ్వే కొడుదువు. ఆ కుర్చీ నీది" అన్నాడు. పదేళ్ళు తుడిచిన కుర్చీ అది. ఒక్కసారీ కూర్చోలేదు (సేఠ్ ఊళ్ళో లేనప్పుడు కూడా. నమ్మండి).

కంప్యూటర్ ముసలిది. దాని పాత ఆపరేటింగ్ సిస్టం తీసి కొత్తది ఎక్కించడానికి ఒక మెకానిక్ వచ్చాడు. మా విజయనగరం వైపు కుటుంబమే, పుట్టి పెరిగింది మాత్రం ఇక్కడ. పొద్దున్నే పని మొదలుపెట్టి, "నూరు శాతం అయ్యేదాకా బంద్ చెయ్యకు పిన్నీ" అని నయా రాయపూర్‌లో ఇంకో పనికి వెళ్ళిపోయాడు. ఆరోజు విశ్వకర్మ పూజ. మిల్లులో యంత్రాలన్నీ ఆపి, కడిగి, బొట్లు పెడుతున్నారు. నా యంత్రం మాత్రం తక్కువ తిందా? తెరకు బంతిపూల దండ వేశాను. డబ్బాకూ, ప్రింటర్‌కూ, వెనకాల ఎప్పట్నుంచో గుచ్చి ఉన్న పాత పెన్‌డ్రైవ్‌కూ బొట్లు పెట్టాను (చిన్నది అలుగుతుందని దానికి రెండు). అంకెలు అరవై నాలుగు దాకా ఎక్కి ఆగిపోయాయి. ప్రసాదాలు, భోజనాలు అయ్యాయి. అరవై నాలుగే. సేఠ్ వచ్చి చూసి, "సాయంత్రానికి ఇది లేవకపోతే చదువుకున్నవాడెవడినైనా పెట్టుకుంటా. నీ చీపురు నీకుంది" అన్నాడు. వెంటనే మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"అరవై నాలుగు దగ్గరే అటక్ అయిపోయిందా? ఘబరావద్దు పిన్నీ. వెనకాల ప్రింటర్, పెన్‌డ్రైవ్ లాంటివి ఏమున్నా అన్నీ నికాల్ చేసెయ్."

"తియ్యను. పూజలో ఉన్నాయి. రేపు ఉద్వాసన చెప్పాకే."

"అరే! పెన్‌డ్రైవ్‌కి కూడా పూజ చేశావా?"

"నువ్వుంటే నీకూ చేసేదాన్ని."

"బాగుంది. మరి నీ కుర్సీ?"

కుర్చీ సంగతి పొద్దున వాడికి నేనే చెప్పుకున్నాను. దేవుడా, కుర్చీయా అని తూచి, ఇద్దరికీ నచ్చే దారి పట్టాను. అక్షతలు వేసి, "స్వామీ, ఈ పూటకు వెళ్ళి మళ్ళీ రా" అని చెప్పి, వినాయకుణ్ణి కదిపినట్టు పెన్‌డ్రైవ్‌ను ఈశాన్యం వైపు కదిపాను. అది కదలదే! ఊడబెరికాను. ఫోన్లో వాడి నవ్వు వింటూనే ప్రింటర్ తీగకూ ఉద్వాసన చెప్పాను. "ఇప్పుడు తెర నల్లబడేదాకా బటన్ దబాయించి పట్టుకో, తర్వాత మళ్ళీ చాలూ చెయ్" అన్నాడు. ఎవరి పీకో నొక్కుతున్నట్టు నొక్కి పట్టుకున్నాను. మళ్ళీ వెలిగింది. అంకెలు మొదటి నుంచీ ఎక్కాయి. అరవై నాలుగు దగ్గర నా ఊపిరి కూడా ఆగింది. అరవై అయిదు! నా కేకకు సేఠ్ గోదాంలోంచి పరుగెత్తుకొచ్చాడు.

అంతా విశ్వకర్మ దయ అన్నాడు సేఠ్. పెన్‌డ్రైవే అడ్డం అన్నాడు మెకానిక్. పీకిన మనిషి గురించి ఎవరూ ఏమీ అనలేదు గానీ, మర్నాడు కుర్చీ ఇచ్చారు. మొదటి వారమంతా లారీ డ్రైవర్ వచ్చినా, టీ తెచ్చినవాడు వచ్చినా ఉలిక్కిపడి లేచి నిలబడేదాన్ని. ఒక్కో చీటీకి నాలుగుసార్లు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్చీలోని అప్పటి నా దగ్గరకు వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, "కూర్చోవే, నీదే" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా, ఇప్పటి నన్ను చూసి ఆమె మళ్ళీ లేస్తుంది.