రాహుకాలంలో గౌహతి ప్రయాణం

కరోనాకు ముందటి వేసవిలో రేణిగుంట విమానాశ్రయానికి డ్యూటీ మేనేజరుగా వచ్చాను. ఒక విమాన సంస్థలో అది నా చివరి పోస్టింగు. షిఫ్టులో విమానం ఆలస్యమైతే కారణం రాసి పైకి పంపాల్సింది నేనే. ఎవరి తప్పయినా అక్షింతలు మాత్రం నాకే.

ఒక శుక్రవారం చంద్రగిరి నుంచి రాజమ్మగారు, ఆమె కొడుకు మునిరత్నం వచ్చారు. ఆమె పెంచిన చెల్లెలి కొడుక్కి మర్నాడు తెల్లవారుజామున గౌహతిలో పెళ్లి. తాళిబొట్టు ఆమె చేతిసంచిలోనే ఉంది. పెద్ద పెట్టె కౌంటర్లో ఇచ్చేసి, తనిఖీ ముగించుకొని లోపల కూర్చున్నారు. ఇంతలో రావాల్సిన విమానం ఆలస్యమై, మా బయలుదేరే వేళ పదిన్నర దాటింది. శుక్రవారం రాహుకాలం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

పన్నెండు దాటందే లేవనని ఆమె కుర్చీకి అతుక్కుపోయింది. మంచి గడియలోనే ఇల్లు విడిచాం కదా అని కొడుకు బతిమాలితే, అది రేణిగుంటకే, గౌహతికి పయనం ఇప్పుడే కదా అంది. మునిరత్నం ఫోన్లో దూరం చూశాడు. రెండు వేల కిలోమీటర్లు కూడా లేదు, మూడు గంటల పని, సాయంత్రం పోదామన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ దూరం పటం మీద గీత గీసినట్టు కొలిచింది. మాకు నేరుగా విమానం లేదు. హైదరాబాదులో మారాలి, అక్కడి నుంచి ఆ రోజుకు మిగిలింది ఒక్కటే. ఇది తప్పితే ముహూర్తం తప్పినట్టే.

నా తెలివి కొద్దీ ఇంకో మాట చెప్పాను. మా లెక్కలో ప్రయాణం గాల్లోకి లేచినప్పుడు కాదు, చక్రాల కింద పెట్టిన దిమ్మలు తీసి విమానం కదిలినప్పుడే మొదలవుతుందని. ఆమె గోడ గడియారం చూసి, అదీ రాహుకాలంలోనే కదా అంది. కంచి గరుడసేవ చేసినట్టయింది నాకు.

ఇక మిగిలింది నిబంధనే. ఎక్కని ప్రయాణికుల సామాను విమానంలో ఉండకూడదు. ఆమె పెట్టె వెతికి దింపాలి, అందరికీ ఆలస్యం. ఆ మాటే చెప్పాను, కొంచెం గట్టిగానే.

"నా పెట్టె అప్పుడే ఎక్కేసినాదా?" అంది.

తొమ్మిదింటికే తీసుకుని లోపలికి పంపేశామన్నాను.

"ఈ మాట ముందే సెప్పకూడదా నాయనా? మంచి గడియలో పెట్టె పొయ్యినాక నేను పొయ్యినట్టే గదా. పరస్తానం అయిపాయ." కొడుకు వైపు తిరిగి, "ఇంకా యాడ సూస్తావురా, లెయ్" అంది.

వేళ కుదరనప్పుడు మూటో ముల్లో ముందుగా పొరుగింట్లో పెట్టి, పయనం మొదలైందనుకోవడం మా వైపు పాత అలవాటే. ఆ పొరుగిల్లు మా కార్గో అరలో ఉందని నాకు తట్టలేదు. విమానం కొత్త వేళకే కదిలింది. మర్నాడు మునిరత్నం పెళ్లి ఫొటో పంపాడు. నాకు పట్టలేనంత సంతోషమేసింది.

ఆ తర్వాత నా షిఫ్టులో శుక్రవారాలు కౌంటరు ఒక అరగంట ముందే తెరిపించాను. ప్రయాణ సమయం ఎంతో మేం చెప్పగలం. అది ఎప్పుడు మొదలైందో మాత్రం ప్రయాణికుల్నే అడగాలి.