కారం ఎరుపు

చింతగింజల జిగురు ఉడికే వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ తుమ్ము వస్తుంది.

మా వరంగల్ మ్యూజియం వరండాలో నా చిన్నప్పుడు ఆదివారాలు కొందరు ఆడవాళ్లు పిల్లలకు ఉచితంగా, గుడ్డ మీద వేసే పటం బొమ్మలు నేర్పేవాళ్లు. వాళ్లలో పెద్దావిడ మార్తమ్మ టీచరు చర్చి నుంచి నేరుగా వచ్చి, రంగుల్లో కలిపే జిగురుకు పొయ్యి వెలిగించేది.

"ఈ ఎరుపు ఎక్కడిదనుకున్నరు? రాయి నూరితె అచ్చింది" అందొకరోజు.

నాకు నవ్వొచ్చింది. మా అమ్మ ఎనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమలు తీసేది. నూరితే వచ్చే ఎరుపేమిటో నాకు తెలియదా? పాపం, టీచరుకే తెలియదనుకున్నాను.

మరుసటి వారం కారం పొట్లం తెచ్చి, ఎవరూ చూడకుండా జిగురు గిన్నెలో కుమ్మరించాను. అది అడుగంటింది. వరండా నిండా తుమ్ములు, దగ్గులు. మ్యూజియం చూడవచ్చినవాళ్లు ముక్కులు మూసుకుని బయటికి పరుగెత్తారు.

"ఎవలు చేసిన్రిది?"

చేయెత్తాను. ఇక నన్ను రానివ్వరనుకున్నాను.

టీచరు కళ్లు తుడుచుకుని, గిన్నె దింపి, ఆ జిగురును నాచేతే గుడ్డకు పూయించింది. "జర ఎండనియ్యి బిడ్డా. నిలుస్తదో లేదో నువ్వే చూస్తవ్."

కొన్ని వారాలకు ఆ ఎరుపు వెలిసి మట్టిరంగుకు దిగింది. వెళ్లి రాయి నూరడానికి కూర్చున్నాను.

ఇప్పుడు ఆ పొయ్యి నేను వెలిగిస్తున్నాను. మొన్న ఆదివారం ఒక పిల్ల పిడికిలి వీపు వెనక దాచుకుని గిన్నె చుట్టూ తిరుగుతోంది.

"ఏం తెచ్చినవ్ బిడ్డా?"

పిడికిలి విప్పింది. పసుపు.

ఎండకు పసుపు నిలవదని నాకు తెలుసు. మంట తగ్గించి, గుడ్డ పరిచాను.