మామిడి పూతకు మిరప పొగ

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక్క పిందె కూడా లేని మామిడితోటను ముప్పై వేలకు గుత్తకు పట్టిన మొనగాడు వనపర్తి బజారు మొత్తంలో నేనొక్కడినే. వయసు ఇరవై రెండు. పూత మీద బేరమంటే అంతే: చలికాలంలో పూత చూసి పైసలు కడతాం, ఎండాకాలం ఎన్ని కాయలు కాస్తే అన్నీ మనవి, కాయకపోతే ఖాళీ కొమ్మలూ మనవే. బిజినేపల్లి దగ్గర ఆ తోట గల పెద్దమ్మ ముప్పై అయిదు చెప్పింది. నేను రెండు పూటలు కూర్చుని, ఆమె చాయ్ నాలుగుసార్లు తాగి, అయిదు వేలు తగ్గించాను. (ఆమె అంత సులువుగా ఎందుకు దిగిందని ఆలోచించే తెలివి గెలిచినవాడికి ఉండదు.) పైసలు మాత్రం ఎండుమిరపకాయల దుకాణం నడిపే మా నాయనవి. ఆయన షరతు ఒక్కటే: “తేలితివా, నీ యాపారం నీది. మునిగితివా, మూడేండ్లు నోర్మూస్కొని నా కాంట కాడ కూసుంటవ్.”

వారం తిరక్కుండా మంచు దిగింది. చెట్టు పక్కన చెట్టు కనబడదు, పూత తడిసి నల్లబడుతోంది. లబోదిబోమంటూ పెద్దమ్మ దగ్గరికి పోయాను.

“పొద్దుపొద్దుగాల పొగ వెడ్తె మంచు నిల్వది బిడ్డా. తడిగడ్డి కాలవెట్టాలె. నా కాడ బండెడు గడ్డుంది, రెండొందలియ్యి.”

“కాలవెట్టే గడ్డికి రెండొందలా పెద్దమ్మా? నూరు జేస్కో.”

“నూటికి నా బర్రె గూడ ఒప్పుకోదు.”

నేనూ ఒప్పుకోలేదు. దుకాణంలో పుట్టినవాడికి తెలియనిదా, కాలేది ఏదైనా పొగే కదా. మా దుకాణం వెనుక తొడిమలు, తెల్లబారిన తాలుకాయలు ఆరు బస్తాలు ఊరికే పడి ఉన్నాయి. కూలీ లేకుండా, ఇడ్లీల మీద అయిదుగురు దోస్తులను ఒప్పించాను. వాళ్లకు నాయకుడు పంక్చర్ల దుకాణం భాయ్.

తెల్లవారుజామున రోడ్డువైపు సగం తోటలో కుప్పలు పోసి అంటించాం (మిగతా సగానికి సరుకు చాలలేదు). పొగ లేవడం చూసి నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ మాట నిజం. రెండో నిమిషంలో దగ్గు మొదలైంది, నాలుగో నిమిషంలో చేతులు కళ్ల మీదికి వచ్చాయి.

“అరే సేటూ, గిది మంచును తరుముతుందా, మమ్ముల తరుముతుందా?” అంటూ భాయ్ లుంగీ ముక్కుకు కట్టుకుని బావివైపు ఉరికాడు. అంతలో నాగర్‌కర్నూల్ బస్సు పొగలో ఆగిపోయింది. దిగిన ప్రయాణికులు చెంపల మీద ధారలతో నన్ను చుట్టుముట్టారు. ఒక ముసలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ, “ఎవనికిరా గింత దిష్టి తీస్తున్నరు, జిల్లకంతటికా?” అని అడిగింది. నేను దగ్గుకుంటూ బావివైపు వేలు చూపించాను.

ఎనిమిదింటికి ఎండ వచ్చింది, మంచు పోయింది. రోజూ ఆ వేళకే పోయేది, అది వేరే మాట. నేను గెలిచాననుకుని మరో మూడు రోజులు, ఒక్కడినే, దుకాణంలో కొత్తగా ఊడ్చిన తొడిమలతో అదే సగంలో అదే పని చేశాను.

ఎండాకాలం వచ్చేసరికి పొగ పెట్టని సగం విరగకాసింది. పొగ పెట్టిన సగంలో ఆకులు బాగున్నాయి. “మంచు పోలే గని, పూత మీద వాలే ఈగలన్ని పోయినయ్ బిడ్డా. ఈగ వాలంది పిందె వట్టదు,” అంది పెద్దమ్మ. ఆ మాట విన్నా నా బేరం బుద్ధి పోలేదు. “మంచు నీ తోట మీదనే గద పడ్డది పెద్దమ్మా, నష్టంల సగం నువ్వు వెట్కో,” అన్నాను.

ఆమె తాపీగా తమలపాకుకు సున్నం రాసుకుంటూ, “మంచు నా తోట మీదనే పడ్డది. పొగ మీ దుకాణం నుంచి అచ్చింది,” అంది.

మర్నాడే పోయి కాంట దగ్గర కూర్చున్నాను. నాయన తూకపురాళ్లు నా వైపు జరిపాడు, అంతే. కాయలకు ఇరవై ఒక్క వేలు వచ్చాయి, అంటే పోయినవి తొమ్మిది వేలు. చాలా ఏళ్లు ఎవరడిగినా మొత్తం మంచు మీదికే తోసేవాడిని. ఈ వయసులో ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వే వస్తుంది కాబట్టి, లెక్క సరిగానే చెబుతాను: అందులో మంచుది వెయ్యి, నాది ఎనిమిది వేలు.