'అందరికీ' అన్న మీట

వనపర్తిలో ఒక ప్రైవేటు దవాఖాన ల్యాబులో పనిచేసే రోజులవి. అక్కడి కంప్యూటర్లన్నీ కలిపి ఉండేవి. రిపోర్టు సంగతి డాక్టరుగారి తెర మీదకు సందేశంగా పంపేవాళ్లం. ఒక ఉదయం "రహీంబీకి క్యాన్సరే. ఆమెకు చెప్పొద్దని కొడుకు బతిమాలాడు" అని కొట్టి, డాక్టరుగారి పేరుకు బదులు 'అందరికీ' నొక్కేశాను.

చీటీల కౌంటరులో పేర్లు సరిచూసుకోవడానికి తెర జనం వైపు తిప్పి ఉండేది. పరుగెత్తాను. అప్పటికే రహీంబీ దాని ముందు నిలబడి చదివేసింది.

"నేను చదివిన అని నా కొడుక్కు చెప్పకు బిడ్డా, పరేషాన్ అయితడు" అంది.

చెప్పలేదు. ఆమె పోయేదాకా అతను వచ్చిన ప్రతిసారీ అడిగేవాడు, "మా అమ్మకేం తెల్వదు గదా?"

"తెల్వదన్నా" అనేదాన్ని.

ఆ ఇద్దరినీ ఒక్కసారైనా కలిసి ఏడ్వనివ్వాల్సింది.