చూపుడువేలి డ్యూటీ

మొన్న ఆదివారం సిద్దిపేట చెరువులో బోటెక్కుదామని పోతే, టికెట్లు చింపే అతను మా తమ్ముడు రాజుకూ నాకూ చెరొక నారింజ రంగు లైఫ్ జాకెట్ ఇచ్చాడు. నానిన గోనెసంచి వాసన, అంతకుముందు వేసుకున్నవాళ్ల చెమట వాసన, వాటి మీద ఎవరో తిన్న మిర్చిబజ్జీ వాసన. రాజు ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం శంకరి మామ గుర్తొచ్చాడు.

మా అమ్మ తమ్ముడు శంకరి మామ విశాఖపట్నంలో, సముద్రంలో ఆపదలో పడ్డవాళ్లను కాపాడే పడవ మీద పనిచేసేవాడు. మిరుదొడ్డిలో పుట్టినవాడికి ఆ కొలువు ఎలా దొరికిందో మా అమ్మమ్మకు చివరిదాకా అర్థం కాలేదు. ఎండాకాలం సెలవుల్లో ఆయన ఊరికొస్తే తాటిముంజలూ, మామిడికాయ తొక్కూ, కుండలో చల్లబడ్డ అంబలీ మాకు దొరికేవి, వాటితోపాటు పడవ రూల్సూ మా నెత్తిన పడేవి. పొలం దగ్గరి మోటబావిలో ఈతకు దిగేముందు ఆరుగురు పిల్లలం వరుసగా నిలబడి పేర్లు చెప్పాలి, మునిగిపోకుండా ఒకరి వీపుకు కట్టిన మునగబెండు ముడిని ఇంకొకరు లాగి చూడాలి, ఈల వేస్తే ఎక్కడివాళ్లక్కడ ఆగాలి, పైకెక్కాక మళ్లీ లెక్క. గడ్డి కుక్కిన గోనెసంచికి అమ్మమ్మ పాత రవిక తొడిగి, బావిలో పడేసి, మాతో బయటికి తీయించేవాడు. ఒకసారి గొర్రెలు కాసే ఆయన ఆ రవికను నీళ్లలో చూసి, ఊళ్లోకి పరుగెత్తి అమ్మమ్మ పోయిందని చాటాడు. ఏడవడానికి వచ్చినవాళ్లందరికీ అమ్మమ్మే మజ్జిగ పోసింది.

తాడు విసిరే పని పెద్దపిల్లలది, దూకే పని మామది. నాకిచ్చింది చూపించే పని. ఎవరైనా మునిగితే చెయ్యి చాపి ఆ చోటునే చూపిస్తూ నిలబడాలి. పరుగెత్తొద్దు, అరవొద్దు, తాడు ముట్టొద్దు. ఈ మాత్రానికి మనిషెందుకు, కట్టె పాతితే చాలదా అని నేను అలిగి కూర్చున్నాను. మామ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"సముద్రంల కన్ను తిప్పితే మనిషి దొరకడు బిడ్డా. అందరు ఉరుకుతరు, ఒక్కరన్న చూస్తుండాలె. నేను దించుమనేదాక చెయ్యి దించకు."

వారం తిరగకుండానే, మామ ఇంకా బావి దగ్గరికి రాకముందే, ఆరేళ్ల రాజు తనకు ఈత వచ్చేసిందని బెండు విప్పేసి దూకాడు. పైకి రాలేదు. నీటి మీద నాచు మళ్లీ కలుసుకుపోయింది. పిల్లల కేకలకు పక్క చేలవాళ్లు వచ్చారు. ఒకాయన తాడు వేశాడు, ఇంకొకాయన బకెట్ వేశాడు, మూడో ఆయనకు ఏమీ దొరక్క కాపలా మంచాన్నే ఎత్తి వేశాడు, అన్నీ తలా ఒక దిక్కున. నేను చెయ్యి చాపి నిలబడ్డాను, వేలు వాడు మాయమైన చోటు మీదే ఉంది. పరుగున వచ్చిన మామ ఎవర్నీ ఏమీ అడగలేదు. నా వేలు చూసి, సరిగ్గా అక్కడే దూకి, వాడి జుట్టు పట్టుకుని తేలాడు.

రాజు నీళ్లు కక్కుతున్నంతసేపూ నా వేలు వాడి మీదే. వాడిని ఇంటికి మోసుకుపోతుంటే వెనకాల చెయ్యి చాపుకునే నడిచాను. అమ్మమ్మ వాడిని ముద్దులాడి, ఆ వెంటనే చీపురందుకుంటే, వాడు వడ్ల గుమ్మి చుట్టూ ఉరికాడు. నా వేలూ వాడితో పాటు తిరిగింది. పిల్లకు గాలి సోకిందని అమ్మమ్మ నాకు దిష్టి తీసింది. కుడిచెయ్యి ఖాళీ లేదు కాబట్టి అన్నం కూడా తనే ముద్దలు చేసి పెట్టింది. అప్పుడు చూశాడు మామ. తింటున్న కంచం పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"ఇగ దించు బిడ్డా. దొరికిండు."

చెయ్యి దించాక గానీ నాకు ఏడుపు రాలేదు. వచ్చాక ఎవరు ఎత్తుకున్నా ఆగలేదు.

ఇప్పుడు ఆ బావిని మట్టితో పూడ్చి ప్లాట్లు చేశారు. మునగబెండు అంటే ఏమిటో మా పిల్లలకు తెలియదు. మామ పోయి చాలా ఏళ్లయింది. చెరువు మధ్యకు పోయాక రాజు ఎప్పటిలాగే మొదలుపెట్టాడు.

"నేనే పైకొస్తుంటి అక్కా. మామ ఉత్తగనే దునికిండు."

నీళ్లు కక్కిన సంగతి కూడా ఒప్పుకోడు. ఏటా ఈ మాటకు నేను పోట్లాడేదాన్ని. ఈసారి, బట్టతల మీద ఎండ పడుతుండగా, నా ముందు కూర్చుని అంత ధీమాగా అబద్ధమాడుతున్న వాణ్ని చూస్తే కడుపు నిండిపోయింది.

"ఔను రా, నువ్వే వస్తుంటివి" అన్నాను.